చెర్రీ రంగు చుక్క

టెక్సాస్‌లోని మెస్కీట్ ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేసే వెండెల్ దగ్గర రెండు డబ్బాల నిండా ఇత్తడి బిళ్ళలున్నాయి. అన్నీ ఎనభైల నాటి లేజర్ ఆటస్థలాలవి. చీకట్లో, పొగలో, మెడ నొప్పెట్టే హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు వెలుతురుతో కాల్చుకునే ఆట. బిళ్ళ వేస్తే గానీ తుపాకీ పనిచేసేది కాదు. తర్వాత జనానికి మొహం మొత్తింది, ఆటస్థలాలు పరుపుల దుకాణాలయ్యాయి. బిళ్ళలు మిగిలాయి. వాటి కోసం ఊళ్ళు తిరిగే పిచ్చివాళ్ళు టెక్సాస్ మొత్తానికి గుప్పెడు మంది.

వెండెల్ పిచ్చి ఒకే ఒక్క రకం బిళ్ళ మీద. అతని అక్క రోండా స్టార్ ఫోర్ట్ అనే ఆటస్థలంలో కౌంటర్ దగ్గర పనిచేసేది. తుపాకులు పరీక్షించడానికి పనివాళ్ళు వాడే బిళ్ళలు జనం బిళ్ళల్లో కలిసిపోకుండా, వాటి మీద తన గోళ్ళరంగుతోనే ఓ చుక్క పెట్టేది. చెర్రీపండు రంగు. స్టార్ ఫోర్ట్ మూతపడిన ఏడాదే ఆమె కారు ప్రమాదంలో పోయింది. తల్లి ఆమె వస్తువులన్నీ చర్చికి ఇచ్చేసింది. తను వెతికేది ఆ చుక్క కోసమని వెండెల్ ఎవరికీ చెప్పలేదు. ఆశ బయటపెట్టుకున్నవాణ్ణి సంతలో నిలువునా దోచేస్తారు.

పోయిన వారం హార్లన్ ఫోన్ చేశాడు. కాంటన్ సంతలో పాత నాణేలు అమ్ముతాడు.

"స్టార్ ఫోర్ట్ బిళ్ళ దొరికిందోయ్. మీద ఏదో ఎర్రటి మరకుంది."

వెండెల్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. అయినా ఏళ్ళ తరబడి సంతల్లో తిరిగిన నోరు ఊరుకోలేదు. కావలసిన వస్తువుని ముందు తిట్టాలి. అదే అక్కడి పద్ధతి.

"మరకా? ఇక దాన్నెవడు కొంటాడు? నువ్వే దాచుకో."

"కొనకపోతే మా ఆవిడ చెవికి వేలాడదీస్తా."

"పాపం, ఆవిడేం చేసింది? సరేలే, శనివారం అటొచ్చినప్పుడు చూస్తా. ఆ మరక్కి మాత్రం డబ్బులివ్వను."

శనివారం సంత తెరవకముందే వెండెల్ అక్కడున్నాడు. హార్లన్ బల్ల కింద నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి గర్వంగా ముందుకు తోశాడు.

"నీ సణుగుడు పడలేక మరక తీయించేశా. మా ఆవిడ గోళ్ళరంగు తుడుచుకునే మందు పెట్టి రుద్దింది. ఇప్పుడేం వంక పెడతావో పెట్టు."

వెండెల్ భూతద్దం తీశాడు. అక్షరాల సందుల్లో వెతికాడు, అంచు చుట్టూ వెతికాడు. ఎర్రదనం జాడ లేదు. హార్లన్ భార్య పనిమంతురాలు.

"బాగుంది," అని అడిగినంతా ఇచ్చేశాడు.

హార్లన్ నోట్లు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఒంట్లో బాలేదా ఏంటి? బేరమాడవేం?"

వెండెల్ ట్రక్కెక్కి డబ్బీ మూత తీశాడు. ముక్కు మండించే ఘాటైన వాసన. శనివారం సాయంత్రాలు రోండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆదివారం చర్చిలో నాన్న కంటబడకుండా గోళ్ళు తుడుచుకునేటప్పుడు ఇల్లంతా ఇదే వాసన.

ఎండకి ట్రక్కు లోపల పొయ్యిలా కాలుతోంది. అతను అద్దాలు దించలేదు.