పొద్దున సొరపాదుకు, మధ్యాహ్నం ట్రాన్స్‌మిటరుకు

ఎండకు కాగిన నేల మీద నీళ్ళు చల్లితే లేచే వాసనకు చాలామందికి తొలకరి గుర్తుకొస్తుందంటారు. నాకు ట్రాన్స్‌మిటరు గుర్తుకొస్తుంది. మొన్న మా ఇంటి ముందు పనిమనిషి చెంబుతో నీళ్ళు చల్లుతుంటే నేను ముక్కు ఎగబీల్చి, పెదవి తడుముకున్నాను. ఆమె నన్నో మాదిరిగా చూసింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో మా చిన్నాయన హైస్కూల్లో సైన్సు మాస్టరు. సర్కారు లైసెన్సు తీసుకుని, సరదాకు గాలిలో మాట్లాడుకునే రేడియో బాపతు మనిషి. ఓడల కంపెనీ ఒకటి వదిలించుకున్న ట్రాన్స్‌మిటరును మద్రాసు పాత సామాన్ల అంగట్లో పట్టి, బీరువా అంత ఉన్న ఆ ఇనుప డబ్బాను రైల్లో వేసుకొచ్చి, లోపలి తీగచుట్టలు విప్పి కొత్తగా చుట్టి, ఓడలతో మాట్లాడేదాన్ని తనలాంటి వాళ్ళతో మాట్లాడేటట్టు మార్చాడు. చలికాలమంతా అది బాగానే పలికింది. వేడెక్కిన దుమ్ము వాసన, వంటింట్లోంచి ఉగ్గాని తిరగమోత వాసన కలిసి వస్తుంటే, లోపల బల్బులు ఎర్రగా వెలుగుతుంటే, మేం పిల్లలం నాపరాళ్ళ మీద బోర్లా పడుకుని పక్కనున్న రిసీవరులో ఇలాంటి లైసెన్సున్న బెంగుళూరాయన వాతావరణం గురించి చెప్పేది వినేవాళ్ళం. అక్కడా చలిగానే ఉండేది.

ఎండలు ముదిరాక డబ్బా మొండికేసింది. ఏరియలు మీటరు ముల్లు లేవదు, అంటే మాట గాల్లోకి పోవట్లేదని. పైగా చిన్నాయన మాట్లాడబోతే మైకు మూతి కరిచేది. బల్బులు మార్చాడు, కండెన్సర్లు మార్చాడు, అతుకులన్నీ మళ్ళీ అతికాడు. ప్రతి మరమ్మతు తర్వాతా "హలో" అనడం, పెదవి పట్టుకోవడం. బడిలో పిల్లలు ఆయన వాచిన మూతికి కారణం మా పిన్నమ్మ అనుకున్నారు. ఆమె ఖండించలేదు.

డబ్బా ఉన్న గది మీద మా అవ్వకు వేరే ఆలోచన ఉంది. పొలం నుంచి జొన్నమూటలు వచ్చి వసారాలో కూర్చున్నాయి. ఆళ్లగడ్డలో ఉండే వాళ్ళన్న, అంటే మా పెద్దతాత, బ్యాటరీ రేడియో కొన్నాడు. అవ్వ దాన్నే పరీక్షగా పెట్టింది.

"ఈస్టరు నాటికి నీ గొంతు మాయన్న చెవినబడల్ల. పడకపోతే మూటలు లోపలికొస్తాయి, డబ్బా కోళ్ళకు పోతాది."

కోళ్ళు ఆ మాట విన్నట్టే కిటికీ కింద తిరుగుతుండేవి.

ఈస్టరు ముందు రోజు పెరట్లో గోలీలాడుతుంటే నా మంచి గోలీ, పచ్చ పువ్వుది, నల్లరేగడి నెర్రెలో పడిపోయింది. నేనెత్తుకున్న రాగానికి చిన్నాయన పని వదిలి పుల్లతో వచ్చాడు. నెర్రెలో పుల్ల తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. కిటికీలోంచి దిగిన ఎర్తు తీగ భూమిలోకి పోయేది అక్కడే. ఆ గుంత చుట్టూ నేల పేలాల మాదిరి పొడిగా ఉంది. తీగకు తడిమన్ను తగలకపోతే, నేలలోకి దిగాల్సిన కరెంటు మైకులోంచి మూతి వెతుక్కుంటూ వస్తుంది. చలికాలంలో ఆ గుంతను తడిపింది మా స్నానాల దగ్గర్నుంచి పారే జలకాల నీళ్ళే.

"అమ్మా, జలకాల నీళ్ళు యాడికి పోతాండాయి?"

"సొరపాదుకు. ఎండిపోతాంటే కాలవ తిప్పినా. నీ డబ్బాకు గూడా దప్పికయితాదని ఎవురికి తెల్సు?"

వేసవిలో నంద్యాల ఇంట్లో ఒక బిందె నీళ్ళు ఇంకొకరికి ఇమ్మనడం ఆస్తి పంపకమంత పని. చివరికి కాలవ కింద రైతులకు నడిచే వంతులే ఇంట్లోనూ పెట్టారు. పొద్దున జలకాల నీళ్ళు సొరపాదుకు, మధ్యాహ్నం అంట్ల నీళ్ళు ట్రాన్స్‌మిటరుకు. మట్టికట్ట తెంచి కట్టే ఉద్యోగం నాకిచ్చారు. గోలీ దొరకలేదు.

ఈస్టరు రోజు గుడిలో ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి, కోడికూరా జొన్నరొట్టె తిన్నాక, పెద్దతాతకు ముందే కబురంపిన వేళకు చిన్నాయన మైకు పట్టుకున్నాడు. ముల్లు లేచింది. మూతి క్షేమం. రెండు మాటలన్నాడో లేదో అవ్వ ఆయన్ను పక్కకు జరిపింది. ఆమె మాట్లాడటం లైసెన్సు ప్రకారం తప్పే. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం సర్కారుకు కూడా ఉండేది కాదు.

"అన్నా, నేను. పొద్దున బస్సుకు సొరకాయలేసినా. అందినాయా?"

అని, జవాబు కోసం మైకుకు చెవి పెట్టింది. పెద్దతాత దగ్గర వినే రేడియోనే కానీ మాట్లాడేది లేదని చిన్నాయన చెప్పాడు. పలికిందో లేదో తేలాలంటే ఆళ్లగడ్డ బస్సు రావాల్సిందే. మాట రెప్పపాటులో పోయింది, జవాబు మాత్రం ప్రతి ఊళ్ళో ఆగి, మేకల్ని ఎక్కించుకుని వస్తుంది. ఆ పూటంతా చిన్నాయన వసారాలో జొన్నమూటల మీదే కూర్చున్నాడు, అవి లేచి లోపలికి నడిచిపోతాయేమో అన్నట్టు.

పొద్దుగూకే వేళకు బస్సు కండక్టరు మా గడప ముందు నిలబడ్డాడు.

"పెద్దాయన చెప్పమన్యాడమ్మా. బాగా ఇనపడిందంట. సొరకాయలు ముదురంట."

అవ్వ గదిలోకి చూసింది. "నీళ్ళల్లో వాటా పోయినాక ముదరక ఏమయితాయి?" అంది. పాదు వాటా పోయి అప్పటికి ఒక్కరోజే అయిందని ఎవరూ గుర్తుచేయలేదు. మూటలు కొన్ని ఆ గదిలోని చిన్నాయన మంచం కిందికి, మిగిలినవి మంచం మీదికి పోయాయి. డబ్బా కదల్లేదు. వేసవంతా ఆయన వసారాలో పడుకున్నాడు, చాలా సంతోషంగా.

ఇప్పుడా పెరడంతా సిమెంటు. నెర్రెలు లేవు, పాదు లేదు, డబ్బా ఏ పాత ఇనుములో కలిసిందో తెలియదు. ఆళ్లగడ్డకు ఫోన్ చేస్తే జవాబు వెంటనే వస్తుంది, బాగున్నామని. కూరగాయల మాటెత్తరు. నా పచ్చ గోలీ మాత్రం ఆ సిమెంటు కిందే ఎక్కడో ఉండాలి, ఎర్తు తీగ పక్కన.