కండక్టరమ్మ దిగని రైలు

రైట్‌రైట్ గారి అసలు పేరు ఆయన పనిచేసిన డిపోలోనే సగం మందికి తెలియదు. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. బండి కదలాలంటే తలుపు రేకు మీద రెండుసార్లు చరిచి “రైట్ రైట్!” అనేవాడు. ఆ గొంతు మూడు వీధుల అవతలికి వినపడేది. మొదట పిల్లలు వెక్కిరించారు, తరవాత పెద్దలకూ అదే అలవాటైంది. ఆయన్ని కట్టుకున్న పాపానికి ఇల్లాలు కండక్టరమ్మ అయి కూర్చుంది.

మనిషి మెత్తన, పని గట్టి. అందరూ ఎక్కాకే తను ఎక్కాలి, ఎక్కినవాళ్ళ తలలు ఓసారి లెక్కపెట్టుకోవాలి, బండి నంబరు చూసుకోవాలి. ఈ మూడూ చెయ్యకపోతే ఆయనకు అన్నం సయించదు. ఒకసారి ఓ ముసలమ్మ మంచినీళ్ళకని దిగి రాకపోతే, ఆవిడ కోసం బస్సు పావుగంట ఆపించి, డ్రైవరు చేతా ప్రయాణికుల చేతా తిట్లు తిన్నాడు. చివరికి ఆ ముసలమ్మే వచ్చి, “నేను నడిచిపోదామనుకున్నా గదయ్యా, ఎవరాపమన్నారు?” అని ఆవిడా నాలుగు వడ్డించింది.

ఆయన రోజూ తిరిగేవాడు గనక కండక్టరమ్మ ఎక్కడికీ తిరగలేదు. ఎప్పుడన్నా ఊరెళ్దామంటే, “నిన్నటి నుంచీ బస్సులోనే ఉన్నానే, ఇంకా బస్సెక్కమంటావా?” అనేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన చెల్లెలి కూతురు చిన్నప్పటి నుంచి వాళ్ళింట్లోనే పెరిగింది. ఆ పిల్ల నర్సు చదివి, సముద్రం అవతల ఓ పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం తెచ్చుకుని, మామయ్య రిటైరైన ఏడాదికి ఇద్దరికీ విమానం టిక్కెట్లు పంపింది. “అత్తయ్యకు లోకం చూపించకపోతే నేను మీతో మాట్లాడను మామయ్యా” అని ఫోనులో బెదిరించింది కూడాను.

విమానంలోనే మొదలైంది. అందరూ కూర్చున్నాక రైట్‌రైట్ గారు లేచి నిలబడి, వేలు ఆడిస్తూ వెనక వరసల నుంచి లెక్క మొదలుపెట్టాడు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చోబెట్టింది.

“ఒకళ్ళు తగ్గుతున్నారమ్మా!” అన్నాడు ఆందోళనగా.

“మరుగుదొడ్డి తలుపు మూసుందండీ, ఆయనెవరో అందులో ఉన్నారు. ఇక కూర్చోండి, పరువు తీయకండి” అంది కండక్టరమ్మ.

మూడో రోజు వంతు ఆవిడది. మేనకోడలి వంటింట్లో పొయ్యి మీద నూనె కాగబెట్టి, ఉల్లిపాయ కోసుకునేలోగా పొగొచ్చింది. ఆ పొగ తగలగానే పైకప్పుకున్న తెల్లటి గుండ్రని డబ్బా ఒకటి కూతపెట్టింది. ఆ కూతకి ఇద్దరి ప్రాణాలూ పైకే పోయాయి. ఇల్లు కూలిపోతుందని రైట్‌రైట్ గారు గొడుగు పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ఎదురింటి ముసలాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, పొయ్యి ఆర్పి, కిటికీ తీసి, ఆ గొడుగే తీసుకుని డబ్బా కింద విసనకర్రలా ఊపాడు. కూత ఆగింది. ఒక్క మాట కోప్పడలేదు. పోతూ పోతూ తరిగిన ఉల్లిపాయ ముక్కలకేసి చూసి, బాగున్నాయన్నట్టు తలూపాడు. దేశం ఏదైతేనేం, ఇరుగుపొరుగు అనే మాటకి అర్థం అదే గదా అనుకుంది కండక్టరమ్మ.

అసలు కథ నాలుగో రోజు జరిగింది. మేనకోడలికి పగటి డ్యూటీ. పక్షుల తోట చూసి రమ్మని, ఏ స్టేషన్లో ఎక్కాలో ఎక్కడ దిగాలో కాగితం మీద రాసిచ్చింది. “అత్తయ్యకు షుగరుంది, పదకొండున్నర దాటకుండా తినిపించు మామయ్యా” అని తిండి డబ్బా, మాత్రలు ఆయన సంచిలో పెట్టింది. ఫోను కూడా ఆయన దగ్గరే. కండక్టరమ్మ చేతిలో ఓ జేబురుమాలు తప్ప ఏమీ లేదు.

భూమి లోపల పోయే రైలు అది. పదిన్నరకి ప్లాట్‌ఫారం మీద జనం బాగానే ఉన్నారు. రైలొచ్చి ఆగింది. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. “ఎక్కు, ఎక్కు, లోపలికి జరుగు” అని భార్యను ముందు ఎక్కించాడు రైట్‌రైట్ గారు. అంతే, ముప్పై రెండేళ్ళ అలవాటు ఆయన్ని పట్టుకుని పక్కకి నిలబెట్టింది. చేతికర్రతో వచ్చే పెద్దాయనకి మోచెయ్యి ఆనించి ఎక్కించాడు. పసిపిల్ల బండి తోసుకొచ్చిన తల్లికి ముందు చక్రాలు ఎత్తిపెట్టాడు. ఆవిడ ఏదో చల్లటి మాట అంది. దానికి ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకెవరన్నా పరిగెత్తుకొస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తలుపు పక్కన రేకు మీద రెండుసార్లు చరిచి, నిండు గొంతుతో అన్నాడు.

“రైట్ రైట్!”

తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది.

అద్దంలో నుంచి కండక్టరమ్మ ముఖం కనిపించింది. నోరు తెరిచి ఏదో అంటోంది. మరుక్షణం ఆ ముఖం చీకటి గుహలోకి జారిపోయింది.

రైట్‌రైట్ గారికి అప్పుడు తెలిసింది. చేజేతులా పెళ్ళాన్ని తనే సాగనంపాడు! “ఆపండి, ఆపండి, మనిషి దిగాలి!” అని రైలు తోక వెంట పరిగెత్తాడు. ఆ రైలుకి ఫుట్‌బోర్డూ లేదు, లాగడానికి గంట తాడూ లేదు.

మేనకోడలికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. ఆపరేషన్ల గదిలో ఉన్నప్పుడు ఫోను బయట పెట్టేస్తానని పొద్దున్నే చెప్పింది పాపం. కండక్టరమ్మ పక్క స్టేషన్లో దిగి ఉంటుందిలే అనుకుని తరవాతి రైలెక్కాడు. పక్క స్టేషన్లో ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. లేదు. దాని తరవాతి దాంట్లోనూ లేదు. గడియారం పదకొండు చూపిస్తోంది. సంచిలో తిండి డబ్బా రాయిలా బరువెక్కింది. ఊరు కాని ఊరు, భాష రాని మనిషి, కళ్ళు తిరిగి పడిపోతే నోట్లో చక్కెర వేసేదెవరు?

కాలు గాలిన పిల్లిలా మళ్ళీ మొదటి స్టేషనుకే వచ్చి పడ్డాడు. బెంచీ మీద కూలబడి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. “తండ్రీ, వేల మందిని జాగ్రత్తగా దింపినవాణ్ణి. ఒక్క మనిషి దగ్గర తప్పాను. దారి చూపించు” అన్నాడు.

దేవుడు దారి చూపించాడో, మనసే నెమ్మదించిందో గాని, ఎప్పుడో మరుగునపడిన సంగతి ఒకటి పైకొచ్చింది. పెళ్ళయిన కొత్తలో కండక్టరమ్మ ఒకే ఒక్కసారి ఆయన బస్సెక్కింది, పుట్టింటికి పోవడానికి. జనం కిక్కిరిసి ఆయన ఆ సంగతే మరిచిపోయాడు. బస్సు వాళ్ళ ఊరు దాటింది, ఆపై ఆరు ఊళ్ళు దాటింది, ఆఖరి స్టాపులో ఖాళీ అయింది. చూస్తే ముందు సీట్లో ఆవిడ, ఒళ్ళో సంచి పెట్టుకుని.

“దిగలేదేమే? మీ ఊరు చూడలేదా?” అని అరిచాడు.

“చూశాను. ఎక్కించింది మీరు, దింపాల్సింది మీరు. మీ బస్సే గదా, తిరిగి ఇంటికే పోతుంది. ఎక్కడికి పోతాను?” అంది ఆవిడ తాపీగా.

రైట్‌రైట్ గారు దిగ్గున లేచాడు. తను పక్క స్టేషన్లలో వెతకడమేమిటి! ఆవిడ దిగితే గదా దొరకడానికి! ఆవిడ ఇంకా ఆ రైల్లోనే ఉంది. ఆ రైలు నంబరు తన నోటి మీదే ఉంది. తలుపు చరుస్తూ ఎప్పటిలాగే చూసుకున్నాడు, నాలుగు వేల నూట ఇరవై ఏడు.

మెట్ల దగ్గర నీలం చొక్కా వేసుకున్న స్టేషను ఉద్యోగి నిలబడి ఉన్నాడు. పొట్టిగా, బట్టతలతో, మీసాలతో. రైట్‌రైట్ గారికి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ కంగారులో ఎగిరిపోయాయి. “వైఫ్! ట్రైన్!” అని మాత్రం అన్నాడు. తరవాత లేని కండక్టరు సంచీలోంచి లేని టిక్కెట్టు చించి ఇచ్చాడు. లేని తాడు లాగి “ణంగ్” అన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని ‘నేను’ అన్నట్టు చూపించాడు. నీలం చొక్కా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఒక బండి మనిషిని ఇంకో బండి మనిషి గుర్తుపట్టడానికి భాషెందుకు? కాగితం ముందుకు జరిపాడు. రైట్‌రైట్ గారు నంబరు రాసి, చేత్తో సొరంగం వేపు చూపించాడు.

నీలం చొక్కా ఆయన చిన్న గదిలోకి తీసుకెళ్ళి ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. ఆగాడు. మళ్ళీ మాట్లాడాడు. ఉన్నట్టుండి నవ్వాపుకోలేక ఫోను రైట్‌రైట్ గారి చేతిలో పెట్టాడు. అవతల ఆఖరి స్టేషను. రైల్లోంచి దిగనని స్తంభం పట్టుకుని కూర్చున్న ఒకావిడ దగ్గరికి అక్కడివాళ్ళు ఫోను తీసుకెళ్ళారు.

“ఏమేవ్!” అన్నాడు.

“ఏవండీ, మీరేనా? ఎక్కడున్నారు? వీళ్ళంతా దిగమని ఒకటే సైగలు.”

“ముందిది చెప్పు. కళ్ళు తిరుగుతున్నాయా?”

“తిరుగుతున్నట్టే ఉంటే నోటికి చెయ్యి చూపించాను. ఈ బండి తోలే అమ్మాయి తన డబ్బాలో రొట్టె సగం తుంచి పెట్టింది. తియ్యటి పాలు కూడా పోసింది. కడుపు చల్లగా ఉండాలి తల్లి. ఇప్పుడు బాగానే ఉంది.”

రైట్‌రైట్ గారు గోడకి ఆనుకున్నాడు. “సరే, అక్కడ దిగి కూర్చో. నేనే వస్తాను.”

“ఫోనులో చెబితే దిగుతానా? మీరు రాకుండా ఈ సీటు వదిలితే మళ్ళీ ఎవరు ఎవరికి దొరుకుతారు? తిరిగి అటే వస్తుందట, వేలు తిప్పి చూపించారు. మీరు మాత్రం కదలకండి. మిమ్మల్ని నమ్మి కూర్చున్నాను.”

నీలం చొక్కా ఆయన ఎదురు ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్ళి, గడియారంలో ముల్లు ఎక్కడికి రావాలో చూపించాడు. ముప్పై అయిదు నిమిషాలు. తన కుర్చీ తెచ్చి వేశాడు, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. మధ్యమధ్య పని చూసుకుని వచ్చి, ముల్లు ఎంత కదిలిందో వేళ్ళతో చెప్పి పోయేవాడు.

రైట్‌రైట్ గారు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. జీవితమంతా బండిలో ఉన్న మనిషి, బండి కోసం కింద ఎదురు చూడటం ఎంత కష్టమో ఆయనకి అప్పటిదాకా తెలియదు. ప్రతి రైలూ రావడం, నంబరు చూడటం, కాదు. మళ్ళీ రావడం, కాదు. బస్సు ఆలస్యమైన రాత్రులు, పాడై ఎక్కడో ఆగిపోయిన రాత్రులు, ఆవిడ గుమ్మంలో ఇలాగే కూర్చునేది గదా అనుకున్నాడు. వెళ్ళగానే “అన్నం పెట్టు” అనేవాడే గాని, ఎంతసేపటి నుంచి కూర్చున్నావని ఒక్కనాడూ అడగలేదు.

నాలుగు వేల నూట ఇరవై ఏడు వచ్చింది. మూడో పెట్టెలో కండక్టరమ్మ, పక్కన ఎవరో పెద్దావిడ. ఇద్దరూ చేతులు తిప్పుతూ పెద్ద కబుర్లలో ఉన్నారు. తలుపు తెరుచుకోగానే రైట్‌రైట్ గారు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు.

“దిగవే” అన్నాడు.

దిగింది. ముందు పెట్టెలో నుంచి బండి తోలే అమ్మాయి తల బయటికి పెట్టి చెయ్యి ఊపింది. నీలం చొక్కా ఆయన చప్పట్లు కొట్టాడు. రైట్‌రైట్ గారు ఇద్దరికీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, దేవుడికి పెట్టినట్టే.

బెంచీ మీద కూర్చుని డబ్బా విప్పాడు. ఆవిడ తింటుంటే చూస్తూ, “ఎంతసేపటి నుంచి కూర్చున్నావే అలాగ?” అన్నాడు.

“గంటన్నర అయుంటుంది. భయమేసింది గాని, ఒక సంగతి చెప్పనా? చివరికి పోయేసరికి రైలు నేల మీదికొస్తుందండీ. ఒక్కసారిగా వెలుతురు! అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, మధ్యలో మన రైలు. పడవలు ఇంతింత. మీరు పక్కన లేరే అనిపించింది.”

“పక్షుల తోట సంగతి?”

“పక్షులు మనింటి చూరులో లేవా?” అని చెయ్యి కడుక్కుని, ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది కండక్టరమ్మ. “ఈ వేపు కాదు, ఆ మెట్లెక్కి అటు దిగాలి. పదకొండో స్టేషన్ దాకా లేవకూడదు. ఎడమచేతి కిటికీ అయితేనే నీళ్ళు బాగా కనిపిస్తాయి. రండి, నేను చూపిస్తాను.”