చెయ్యెత్తినవాడు

క్రీడాస్ఫూర్తి అని ఎవరైనా మైకులో అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎనభైల్లో నేను అడవి అంచున ఉన్న ఒక చిన్న కాలేజీకి కబడ్డీ కెప్టెన్‌ని. ఆ మాట మీద వ్యాసం రాసి బహుమతి కూడా కొట్టాను. సిగ్గులేని చెయ్యి, ఏదైనా రాస్తుంది.

మాకూ ఖమ్మం వైపు ఒక కాలేజీకీ పాముకూ ముంగిసకూ ఉన్న వైరం. వాళ్లకు బూట్లు, రంగు బనియన్లు, మెడలో ఈల వేసుకున్న కోచ్. మాకు ఒక పీడీ సారు, ఆయనకు నడుంనొప్పి. ఏటా ఫైనల్లో ఓడి, "అడవి జంతువులు వాపసు పోతున్నయ్‌రో" అనిపించుకుని బస్సెక్కేవాళ్లం. ఆ ఏడు మాత్రం మాకు ఒకడు దొరికాడు. ములకలపల్లి అవతల కోయగూడెం నుంచి వచ్చి ఫస్టియర్‌లో చేరాడు. వాడిది ఉడుంపట్టు. కాలు దొరికిందంటే ఎంతటివాడూ గీత దాటి వెనక్కి పోలేడు.

వాళ్ల గూడెంలో ఆటకు అంపైరు ఉండడు. కూతకొచ్చినవాడి చెయ్యి తగిలితే తగిలించుకున్నవాడే చెయ్యెత్తి బయటికి నడుస్తాడు, ఎవరూ చూడకపోయినా సరే. ప్రాక్టీసులో వాడలా నడిచిపోతుంటే మేం పగలబడి నవ్వేవాళ్లం.

"అంపైరు చెప్పేదాక కదలకురా" అని నేనే పదిసార్లు చెప్పాను.

"అవ్ అన్నా" అనేవాడు. మళ్లీ ఎత్తేవాడు.

ఆ ఫైనల్ చూడ్డానికి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసే పెద్దమనిషి వచ్చాడు. మా కాలేజీ నుంచి ఒక్కడినే తీసుకుంటాడని ముందే తెలుసు. ఆ జట్టులో ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరుకుతుంది. మాకు పొలం ఉంది, అయినా నాకు కావాలి. వాడి గూడెంలో సర్కారు నౌకరీ చేసినవాడే లేడు.

చివరి కూతకు రెండు జట్లూ సమానం. అలాగే ముగిస్తే అదనంగా ఇంకాసేపు ఆడిస్తారు. వాళ్లు అప్పటికే అలిసి రొప్పుతున్నారు, గెలుపు మాదే. వాళ్ల ఆటగాడు వచ్చాడు, నలుగురి మధ్య గింగిరాలు తిరిగాడు, ఉత్త చేతులతో వెనక్కి పోయాడు. అంపైరు పాయింటు లేదన్నాడు. అప్పుడు మావాడు చెయ్యెత్తాడు.

"నా కాలి వేలుకు తాకింది సార్" అని గీత దాటి నడిచాడు. తాకినవాడికే తెలియదు ఆ సంగతి. ఒక్క పాయింటుతో పోయాం.

"అమ్ముడువోయినవ్‌రా!" అని వాడి బనియను పట్టుకుని అరిచింది నేనే. అంతటితో ఊరుకోలేదు. ఎంపిక చేసే పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"ఆ గూడెం పిల్లగాడు మస్తు ఆడుతుండు. ఎసొంటోడు?"

"నమ్మేటట్టు లేడు సార్" అన్నాను. ఆయన నా పేరు రాసుకున్నాడు.

తిరుగు బస్సులో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. వాడు కాలేజీ దాకా రాలేదు, ములకలపల్లి అడ్డరోడ్డు దగ్గరే దిగడానికి లేచాడు. దిగబోతూ నా సీటు దగ్గర ఆగి, వంగి, నాకు ఒక్కడికే వినపడేలా అన్నాడు.

"ఆట మొదటి సగంల నీ మోకాలుకు గూడ తాకింది గదన్నా. నేను జూసిన. నువ్వు ఎత్తుతవనుకున్న."

నిజమే, తాకింది. అంపైరు నా వైపు చూస్తే లేదని తలూపాను. ఆ తలూపుడు, పెద్దమనిషితో అన్న ఆ ఒక్క మాట పుణ్యమా అని కోటా ఉద్యోగంలో ఇన్నేళ్లు జీతం తిన్నాను. వాడు మళ్లీ కాలేజీకి రాలేదు, మేమూ వెతకలేదు.

ఆ రోజు బస్సులో జట్టంతా ఉంది. వాడు కొంచెం గట్టిగా అన్నా నా బతుకు అక్కడే తెల్లారిపోయేది. నమ్మేటట్టు లేడని నేను ఎవడినన్నానో వాడే గొంతు తగ్గించి నా పరువు నిలిపాడు.