రెడ్యా ఎండలో పెట్టిన డ్రోన్

గార్ల దగ్గరి తండాలో రెడ్యా ఎద్దును కొంటున్నాడంటే అదొక పెద్ద ముచ్చట. అంగట్లో పళ్లు చూసి, తోక పట్టి చూసి బేరం కుదుర్చుకునే రకం కాదాయన. ఎద్దును తన చెలకకు తోలుకొచ్చి, మిట్టమధ్యాహ్నం మూడు సాళ్లు దున్నించి, అది నిలబడితేనే కొంటానంటాడు. అమ్మేవాళ్లు నవ్వేవాళ్లు, తిట్టేవాళ్లు కూడా. ఆయనకవేవీ పట్టేవి కావు.

పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగాక, డ్రోనుతో మిరపతోటలకు మందు కొట్టడం నేర్చాడు. ఆ పనితనం చూసే భూపాలపల్లి అవతల ఒక చిన్న కంపెనీ ఆయన్ని పిలిచి కొలువిచ్చింది. వాళ్లు చేసేవి ముందుగా పోయి శత్రువు జాడ చూసి, బాంబులు జారవిడిచే డ్రోన్లు. ఎగిరించి చూసి, బాగుందని రెడ్యా సంతకం పెడితేనే సరుకు కదలాలి.

మే నెల. సోమవారం ఇరవై డ్రోన్లు ఎడారి సరిహద్దుకు పోవాలి. పోయేది కూడా ఎక్కడికి, ఆయన మేనల్లుడు కల్యాణ్ ఉన్న దళానికే. "మామా, మాకు కొత్తయి వస్తున్నయట," అని వాడు ఫోన్లో సంబరపడుతుంటే రెడ్యాకు గుబులు పట్టుకుంది. ఎందుకంటే పరీక్షలన్నీ పొద్దున ఆరింటికి, చల్లటి పూట జరిగాయి. డ్రోను నాలుగుసార్లు ఎగిరింది, నాలుగుసార్లూ బాంబుకు బదులు కట్టిన ఇసుక సంచిని గురిలోనే వేసింది.

"ఇంకేం గావాలె రెడ్యన్నా, సంతకం గొట్టు," అన్నాడు మేనేజర్ రంజిత్.

"ఎండల గంటసేపు పెట్టి ఎగిరిద్దాం సారూ."

"నీడల పెట్టాల్నని కాయితంల రాసినం గద."

"ఆడ పందిరెవడేస్తడు సారూ?"

"గిదేమన్న ఎడ్ల బేరమానే?"

"ఎద్దయితే తంతది. గిది మీద పడ్తది."

రంజిత్ నవ్వేశాడు. సరే, ఒక్కసారే అన్నాడు. బండరాయి మీద పెట్టిన డ్రోను గంటలో ముట్టుకుంటే చెయ్యి కాలేలా అయింది. సంచి తగిలించి లేపారు. ఆ బండకు దగ్గర్లోనే, నీళ్ల ట్యాంకరు పక్కన కుర్చీ వేసుకుని రంజిత్ చూస్తున్నాడు. డ్రోను గురి మీదికి చేరింది. రెడ్యా మీట నొక్కాడు. సంచి పడలేదు. మళ్లీ నొక్కాడు. కొక్కెం బిగుసుకుపోయింది. అంతలోనే వేడికి బ్యాటరీలో చార్జి పడిపోయింది. చార్జి తగ్గితే లేచిన చోటికే తిరిగి రావడం దానికి నేర్పిన బుద్ధి. బరువుతో సహా వెనక్కి మళ్లింది. పక్కకు తిప్పబోతే వినలేదు.

"లేవుండ్రి సారూ."

రంజిత్ కదల్లేదు, నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. రెడ్యా అతని చొక్కా పట్టి ట్యాంకరు వెనక్కి ఈడ్చాడు. డ్రోను ఖాళీ కుర్చీ పైకొచ్చి ఆగింది. ఒక్క కుదుపు కుదిపింది, కొక్కెం అప్పుడు వదిలింది. సంచి పడి కుర్చీ రెండు ముక్కలైంది.

రంజిత్ లేచి చొక్కా దులుపుకున్నాడు. గొంతు తగ్గించి, "పొద్దుగాల నాలుగుసార్లు మంచిగనే అయినయి గదన్నా. గీ ఐదోది మనం జూడలేదనుకుందాం. ఆర్డర్ పోతది," అన్నాడు.

"నువ్వు గా కుర్చీల కూసుంటివి సారూ. ఆడ మా అల్లుడుంటడు."

రెడ్యా ఐదో పరీక్షను కూడా కాయితంలో తన చేత్తోనే, కొట్టివేతలు లేకుండా రాశాడు. సంతకం పెట్టాల్సిన గడిలో 'పోరాదు' అని రాసి ఇచ్చాడు. డ్రోన్లు ఆగాయి. మర్నాటి నుంచి ఆయన్నీ కొలువుకు రావొద్దన్నారు.

వారానికి కల్యాణ్ ఫోన్ చేశాడు. "మామా, మాకొచ్చే డ్రోన్లు ఇంక మూడు నెలలకట. ఎవడో సంతకం పెట్టలేదట, సచ్చినోడు."

ఆ సంగతి వదిలేసి రెడ్యా అడిగాడు, "మరి గప్పటిదాంక ఎట్లరా?"

"ఎట్లేంది, నడుసుడే. డ్రోను పోవాల్సిన తావుకు ముందుగాల మేమే పోయి చూసొస్తున్నం."

మిరప కల్లంలో కాయలు ఏరుతున్న నీలి, ఆయన భార్య, తల ఎత్తి అడిగింది, పిల్లగాడు ఏమన్నాడని.

"మంచిగనే ఉన్నడట," అన్నాడు రెడ్యా. కాసేపాగి, "నడుస్తున్నడట," అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.