పన్ను కడతామన్న ఊరు

మల్దకల్ దగ్గరి మా ఊరికి బస్సు ఆగిపోయాక, మా వదిన డయాలసిస్ కోసం గద్వాల దవాఖానకు ఆటోలోనే పోయి వచ్చేది. వచ్చేటప్పుడు ఆమెకు కూర్చునే ఓపిక కూడా ఉండేది కాదు. నేను మగ్గం ఆపేసి వెంట వెళ్లి, గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆమెను గట్టిగా పట్టుకునేదాన్ని.

ఒకసారి గ్రామసభలో వదినే లేచి అడిగింది. "ఇంటి పన్ను జర ఎక్కువే కడతం. మన ఒక్క ఊరితోని కాదు గని, పక్క జిల్లాలు వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్లను గూడ కలుపుకొని మన బస్సులు మనమే నడుపుకుంటే ఏమైతది?"

పన్ను మాటెత్తితేనే గొడవకు దిగే మా ఊరు ఆ రోజు చేతులెత్తి ఒప్పుకుంది.

వార్డు సభ్యురాలిని కాబట్టి, ఆ తీర్మానం తీసుకుని సర్పంచ్‌తో పాటు నేనూ గద్వాలలోని జిల్లా పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"ఆలోచన మంచిదేనమ్మా. కానీ బస్సుల కోసం పన్ను వేసే అధికారం పంచాయతీకి లేదు. మూడు జిల్లాలకు కలిపి ఒక సంస్థ పెట్టాలంటే చట్టమే రావాలి. అది నా చేతుల్లో లేదు."

"మరెవరిని అడగాలె సార్?"

హైదరాబాద్‌లో అడగాలన్నాడు. అక్కడ ఎవరినో ఆయనకూ తెలియదు. కసురుకుని ఉంటే మేమూ కొట్లాడేవాళ్లం. అంత మర్యాదగా చెప్పిన మనిషిని ఏమనగలం?

ఇంటికొచ్చి వదినకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"మనం కడతమన్నా ఒద్దంటున్నరా?" అంది.

"ఒద్దంటలేరు వదినా. తీసుకునేటోళ్లే లేరు."

వదిన గోడవైపు తిరిగి పడుకుంది.