గంగయ్య కట్టిన దవడ

ధవళేశ్వరం చుట్టుపక్కల ఎవరికి ఎముక విరిగినా గంగయ్య దగ్గరికే తెచ్చేవాళ్లు. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, పాత నూలుగుడ్డలతో ముప్పై ఏళ్లుగా ఎందరినో నిలబెట్టాడు. తల్లి పోయాక తనే ఎత్తుకు పెంచిన తమ్ముడు తాతాజీ కాలువలో పడవ నడిపేవాడు.

పద్దెనిమిది వందల తొంభై నాలుగు వేసవిలో కాలువ నీటిని ఆపే లాకు తలుపు తిప్పే ఇనుప పిడి ఎదురుతిరిగి తాతాజీ కింది దవడని రెండుచోట్ల విరగ్గొట్టింది. గంగయ్య వద్దంటున్నా, తాతాజీ భార్య చిట్టెమ్మ పోరుపెట్టి రాజమహేంద్రవరం ఆసుపత్రికి బయల్దేరదీసింది.

"రెండు దారులున్నాయండి," అన్నారు డాక్టరు గారు. "ఒకచోట చిట్లితే పైనుంచి కట్టు చాలు. ఈయనకి గడ్డం ముక్క విడిపోయింది. కట్టు బిగిస్తే అది వెనక్కి పోతుంది, నాలుక జారి ఊపిరికి అడ్డుపడొచ్చు. రెండోది, మత్తిచ్చి, చర్మం కోసి, ఎముకకి బెజ్జాలు వేసి వెండి తీగతో బిగించడం. దానికీ చీముపట్టే భయం ఉంది. అయినా నా తమ్ముడైతే కోతకే ఒప్పుకుంటాను."

"విరిగిన ఎముకకి బెజ్జాలేంటండి!" అన్నాడు వెంట వచ్చిన గంగయ్య.

మాట పెగలని తాతాజీ అన్న చెయ్యి అందుకుని తన చెంపకి ఆనించుకున్నాడు, నువ్వే కట్టమన్నట్టు.

ఇంటికి తెచ్చి కట్టాడు. రెండు రోజులు తాతాజీ గంజి మింగాడు. మూడోనాడు వాపు మెడకి దిగింది. మధ్యాహ్నం తాతాజీ గాలాడక కట్టుని గోళ్లతో పీక్కున్నాడు. గంగయ్య దాన్ని తెంపి, నాలుక పైకి లాగేసరికే ప్రాణం పోయింది.

"నా చేతుల్తోనే బిగించానే!" అని నేలమీద కూలబడ్డాడు. చిట్టెమ్మ ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత చాన్నాళ్లు అనుకున్నాడు.

మరుసటేడు తాటిచెట్టు మీంచి పడి దవడ విరిగిన జీవరాజు అనే కుర్రాణ్ని తన గుమ్మంలోకి తెస్తే, గంగయ్య కట్టు కట్టలేదు. నాలుక వెనక్కి జారకుండా ముందుకి వంచి కూర్చోబెట్టి, తనే పడవలో ఆసుపత్రికి తీసుకెళ్లి, "తీగ వేయండి బాబూ" అని చేతులు జోడించాడు.

రెండు నెలలకి జీవరాజు చెరకు నములుతూ వచ్చాడు. "నెప్పి లేదయ్యా, చూడండి!" అన్నాడు నవ్వుతూ.

"మంచిది నాయనా," అంటూ గంగయ్య పెరట్లోకి వెళ్లాడు. అతను ఏడ్చిన ఏడుపు వీధిదాకా వినిపించింది. చెరకు ముక్క చేత్తో పట్టుకుని, తను చేసిన తప్పేంటో తెలియక జీవరాజు అలాగే నిలబడిపోయాడు.