ఉడకబెట్టని కత్తెర

ఒక చిన్న అబద్ధం ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. చిన్నది అని ఎందుకు రాశాను? చూశారా, తగ్గించి చెప్పుకోవడం ఇంకా పోలేదు. దానివల్ల ఒకావిడ కాలి బొటనవేలు పోయింది. ఇంకొకామె పని పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక బ్యూటీ పార్లర్‌లో పని చేసేదాన్ని. కాళ్లు కడగడం, గోళ్లు తీయడం, మడమలు రుద్దడం నా పని. పెళ్లిళ్ల రోజుల్లో పిట్లం నుంచి కూడా వచ్చేవాళ్లు. తర్వాత షాహీన్ చేరింది. నాకన్నా రెండేళ్లు చిన్నది. పని నేర్పింది నేనే. ఏడాది తిరక్కుండా అందరూ షాహీనే కావాలనడం మొదలుపెట్టారు.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఒకరి కాళ్లు అయ్యాక టబ్బు సబ్బుతో తోమేది. కత్తెరలు స్టీలు గిన్నెలో వేసి, స్టవ్ మీద చాలాసేపు ఉడకబెట్టి, తెల్లగుడ్డ మీద ఆరబెట్టేది. నేనైతే కుళాయి కింద తిప్పి తుడిచేసేదాన్ని. ఆమెది పని కాదు, షోకు అని పార్లర్ నడిపే మా మేడంతో ఎన్నిసార్లు అన్నానో. కుళ్లు, ఇంకేం కాదు. ఆమెను చూస్తేనే కడుపు మండేది.

ఒక టీచరమ్మ వచ్చేది. షుగర్ మనిషి. మొదట్నుంచీ నా దగ్గరే కూర్చునేది. ఆ రోజు నా చేతులు ఖాళీగానే ఉన్నా, "షాహీన్ వచ్చేదాంక కూసుంట తియ్" అంది. నవ్వుతూనే అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

అంతకుముందే నేను ఒకామెకు గోళ్లు తీశాను. ఆమె గోరు పక్కన చీము పట్టి ఉంది. అలాంటి కాలు ముట్టకూడదని, దవాఖానకు పంపాలని తెలుసు. అయినా చేశాను. ఆ కత్తెరనే తుడిచి షాహీన్ తెల్లగుడ్డ మీద పెట్టాను. తొందరలోనా? ఏళ్ల తరబడి అలాగే చెప్పుకున్నాను. తొందరేముంది, ఊరికే కూర్చున్నదాన్ని. టీచరమ్మకు పుండు కావాలని కోరుకోలేదు, ఒట్టు. షాహీన్ చేతిలో ఏదో ఒకటి చెడాలని, ఒక్కసారైనా ఆమెను ఎవరైనా విసుక్కోవాలని కోరుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఉందా?

షాహీన్ ఆ కత్తెర చేతిలోకి తీసుకుని ఆగింది.

"అక్కా, గిది ఉడకబెట్టిందేనా?"

"ఉడకబెట్టిన. నీ ఒక్కదానికే తెలుసా ఏంది సుబ్రం?"

"అట్ల గాదక్కా. టీచరమ్మకు షుగర్ ఉంది, గందుకే అడిగిన."

అడిగినందుకు తానే సిగ్గుపడి పని మొదలుపెట్టింది. గోరు మూలన ఒక రక్తపు చుక్క కనిపించింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు.

వారానికి టీచరమ్మ బొటనవేలు వాచింది. నెల తిరిగేసరికి నిజామాబాద్ దవాఖానలో ఆ వేలు తీసేశారు. ఆమె భర్త పార్లర్‌కు వచ్చి కేకలేశాడు. మేడం షాహీన్‌ను నిలదీసింది. షాహీన్ నావైపు చూసింది. నేను తువ్వాళ్లు మడతపెడుతూ నిలబడ్డాను. "నేనే మంచిగ చూస్కోలే మేడం" అంది షాహీన్. మర్నాటి నుంచి రాలేదు.

సిగ్గు విడిచి ఇదీ చెబుతాను. షాహీనే కావాలన్నవాళ్లంతా మళ్లీ నా దగ్గరికే వచ్చారు. నాకు సంతోషమేసింది.

షాహీన్ నా పేరు ఎందుకు చెప్పలేదు? నా మీద గౌరవమా? లేక నా మాట నిజంగానే నమ్మిందా? నమ్మి ఉంటే, తన చేతుల్లోనే ఏదో తప్పుందని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉంటుంది. ఎక్కడుందో తెలియదు. నిజం చెప్పాలంటే, వెతకలేదు.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ కత్తెర నేను ఉడకబెట్టలేదు. అబద్ధమని తెలిసే చెప్పాను. షాహీన్ తప్పేమీ లేదు. ఇంతమాత్రం రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.